ఇద్దరికీ ఒకే డాక్టరు

మంగళవారం, ఊరిగాం

పశువుల డాక్టరును పిలిపించే సర్వర్‌ను జావాలో రాసింది నేనే. నిన్న బేతమంగళ నుంచి ఒకరు, ఆవని నుంచి ఒకరు ఒకే క్షణంలో అడిగితే, ఇద్దరికీ ఒకే డాక్టరును ఇచ్చేసింది. ఒకరి పని ముగిసేదాకా రెండోవారిని ఆపే లాక్ డేటాబేస్‌లో పెట్టలేదు నేను. డాక్టరు బేతమంగళ వెళ్లాడు. ఆవని నుంచి అడిగిన మునెప్ప ఆవు ఈనలేక చనిపోయింది.

ఈరోజు వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను.

"డాక్టరు వస్తాడని ఫోన్లో వచ్చె గదమ్మా. అందుకే ఇంగెవర్నీ పిలవలేదు," అన్నాడు మునెప్ప. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం లాక్ పెట్టి, రెండు ఫోన్ల నుంచి ఒకేసారి అడిగి చూశాను. ఒకదానికి డాక్టరు దొరికాడు. రెండోదానికి "డాక్టరు ఖాళీగా లేరు, వేరేవాళ్లను పిలవండి" అని వచ్చింది.

సర్వర్ బాగైందని మునెప్పకు చెబుదామని ఫోన్ తీశాను. ఏమని చెప్పను?