టీ గడి

16 నవంబర్ 1999, మంగళవారం

యాభై ఆరు పాయింట్ నాలుగు. జబ్బుకి ముందు మా ఆయన డెబ్బై ఒక్క కిలోలు ఉండేవారు.

గొంతు శుభ్రంగా ఉందని డాక్టరు ఇవాళ మళ్ళీ చెప్పాడు. ముప్పై అయిదు రేడియేషన్లు అక్టోబర్ మొదట్లో అయిపోయాయి, గడ్డ కరిగిపోయింది, గుడ్ న్యూస్ అంటూ మా ఆయనకి చెయ్యి కలిపాడు. నేను నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? గడ్డతో పాటు నోట్లో తడి పోయింది, రుచి పోయింది, ఆకలి పోయింది. వాటి సంగతేమిటని అడిగితే టైమ్ పడుతుంది అంటాడు. ఎంత టైమ్ అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అంటాడు.

తూకం వేసేది డైటీషియన్ హెదర్. ప్రతి మంగళవారం మాకు ఆమె ముఖదర్శనం. యాభై రెండు కిలోల కిందికి దిగితే కడుపుకి చిల్లు పెట్టి ట్యూబు వేస్తామని చెప్పింది. మింగడం మానేస్తే గొంతు మింగడమే మరచిపోతుందని స్పీచ్ థెరపీ ఆవిడ పోయిన నెల అన్న మాట ఈయన బుర్రలో కూర్చుంది. ట్యూబు వద్దు తబస్సుం, నేను తింటా, పక్కా తింటా అని కారులో నాలుగుసార్లు అన్నారు.

ఈ నోటుబుక్ అందుకే కొన్నాను. ఈ పరాయి దేశంలో ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కలగాపులగం. కానీ మార్కాపురంలో తెలుగు మీడియం చదివిన నాకు రాయడానికి వచ్చే అక్షరాలు ఇవే. ఆయనది మలక్‌పేట. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. మా అమ్మాయి జవేరియాకి తొమ్మిదేళ్ళు, ఏబీసీడీలు తప్ప ఏవీ రావు. టేబుల్ మీద తెరిచి పెట్టి వెళ్ళినా నాకేం భయం లేదు.

19 నవంబర్

ఇడ్లీలో పావు ముక్క. ఇరవై రెండు నిమిషాలు. నేను గడియారం చూశానని ఆయనకి కోపం వచ్చింది.

23 నవంబర్, మంగళవారం

యాభై అయిదు పాయింట్ ఆరు.

ఎలా ఉందో చెప్పండి, దాన్ని బట్టి వండుతాను అన్నాను. అన్నం ఇసుక నమిలినట్టుందట. పప్పు ఇత్తడి చెంచా చప్పరించినట్టుందట. చక్కెర అసలు ఏమీ లేదట. టమాటా మండుతుంది, పెరుగు పుల్లగా కోస్తుంది. పక్కింట్లో పెళ్ళి బిర్యానీ మూత తీస్తే మసాలాలో ఏం తగ్గిందో వాసన పట్టి చెప్పే మా ఆయన గియాసుద్దీన్ గారు, ఇప్పుడు నేను ఉల్లిపాయ వేయిస్తే కిటికీ తెరుస్తారు.

అయినా పొద్దున్నే ఆఫీసుకి తయారు. బ్రాడ్‌మెడోస్ స్టేషన్ దాకా నేనే కారులో దింపుతాను. బ్యాంకులో ప్రోగ్రామర్. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెలే ఉంటుందనీ, తొంభై తొమ్మిది తర్వాత రెండు సున్నాలు వస్తే కంప్యూటర్ 1900 అనుకుంటుందనీ, రెండేళ్ళుగా వాటిని నాలుగంకెలు చేస్తున్నారు. డిసెంబర్ 31 రాత్రి టీమ్ అంతా ఆఫీసులో ఉండాలి. ఆ రాత్రికి నేను లేకపోతే ఎట్ల అంటారు. నిలబడితే ప్యాంటు జారిపోతోంది, బెల్టుకి నేనే మేకుతో కొత్త చిల్లు పెట్టాను.

30 నవంబర్, మంగళవారం

యాభై అయిదు పాయింట్ ఒకటి.

హెదర్ ఒక చార్టు ఇచ్చింది. ఆయన తిన్నదల్లా నేను అందులో రాయాలి. బ్రేక్‌ఫాస్ట్, లంచ్, టీ, స్నాక్స్ అని నాలుగు గడులు. వీళ్ళకి టీ మీద ఎంత గౌరవమో, దానికో గడి! రాత్రి భోజనానికి మాత్రం గడి లేదు. తొందరగా పడుకునే జనం కదా, తినరు కాబోలు. టీ గడిలో ఒక కప్పు, ఫుల్ క్రీమ్ పాలు, రెండు చెంచాల చక్కెర, బాగా చల్లార్చి అని నీటుగా రాశాను.

నిజానికి రాత్రి భోజనమే కాస్త నయం. మెత్తటి ఖిచిడీలో నెయ్యి, కీమా వేసి మిక్సీ పట్టి పెద్ద గిన్నెలో ఇస్తాను. మా ముందు తినడం కష్టంగా ఉందని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి తింటారు. గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది. అదీ తోట కుళాయి దగ్గర కడిగి మరీ తెస్తారు. పదకొండేళ్ళ కాపురంలో ఈ ముచ్చట కొత్త. నిన్న గిన్నె అంచున మట్టి ఉంటే, కడగడం రానప్పుడు ఎందుకండీ కడగడం అని విసుక్కున్నాను.

రోజంతటిలో నాకు ఆ ఖాళీ గిన్నె ఒక్కటే సంతోషం.

7 డిసెంబర్, మంగళవారం

యాభై నాలుగు.

చార్టు చూసి హెదర్, టీకి ఒక కప్పేనా అని అడిగింది. అవును, అదే ఇష్టం అన్నాను. చాలా మర్యాదగా, మీ మతం ప్రకారం ఆయన ఉపవాసం గానీ ఉంటున్నారా అంది. నాకు ఒళ్ళు మండింది. రంజాన్ ఇంకా మొదలే కాలేదమ్మా, మొదలైనా రోగులకి రోజా లేదు, నా మొగుణ్ణి నేను పస్తు పెడతానా అన్నాను. అంత ఇంగ్లిష్ నాకు వచ్చని నాకే తెలియదు. ఆమె సారీ చెప్పి ఏదో రాసుకుంది.

12 డిసెంబర్

నా రోజాలు మొదలయ్యాయి. ఇక్కడ డిసెంబర్ అంటే ఎండాకాలం, పొద్దు గుంకేసరికి ఎనిమిదీ నలభై. సాయంత్రం అయిదింటికి నా కడుపు అరుస్తుంది. ఖర్జూరం నోట్లో పెట్టుకోగానే నోరంతా ఊరుతుంది. ఆయన చూస్తూ ఉంటారు. నాకు సిగ్గేస్తుంది.

ఇక్కడ ఒక్కచోటే రాయగలను. నాకు బాగా ఆకలేస్తోంది. బాగా తింటున్నాను. పోయిన నెల కంటే ఒక కిలో పెరిగాను.

14 డిసెంబర్, మంగళవారం

యాభై మూడు పాయింట్ రెండు.

16 డిసెంబర్

పక్కింటి బ్యారీ కంచె మీంచి పలకరించాడు. వాళ్ళ లాబ్రడార్ డ్యూక్ రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగిందట. కుక్కల డాక్టరు తిట్టి డైట్ రాసిచ్చాడట. తిండి సగం చేశాం, అయినా పెరుగుతోంది, గాలి పీల్చి బతుకుతోందేమో మరి అని నవ్వాడు. మా ఇంట్లో మనిషి తిన్నా పెరగడం లేదు, మీ ఇంట్లో కుక్క తినకపోయినా పెరుగుతోంది అని నేనూ నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

18 డిసెంబర్

రత్నకుమారి గారు గ్లెన్‌రాయ్ నుంచి బస్సులో వచ్చారు. ఆవిడది తెనాలి, ఇక్కడ నాకున్న ఒక్క స్నేహితురాలు. రాగి జావ కాసి తెచ్చారు. అన్నయ్యగారూ, రెండు గుక్కలంటే రెండే గుక్కలు, నా మాట కాదనకండీ అని బతిమాలారు. ఆయన మూడు గుక్కలు తాగారు. మూడోది ఆవిడ వెళ్ళాక బాత్‌రూంలో వచ్చేసింది.

20 డిసెంబర్, సోమవారం

రేపటి కోసం చార్టు నింపుతుంటే జవేరియా భుజం మీంచి చూసి పడీపడీ నవ్వింది. అమ్మీ, టీ మీన్స్ డిన్నర్ హియర్ అంది. వాళ్ళ స్నేహితురాలి ఇంట్లో ఆరింటికి టీ అంటే సాసేజీలు, ఆలుగడ్డలట. టీ తాగితే దాన్ని కప్పా అంటారట!

మూడు వారాలుగా హెదర్ దృష్టిలో మా ఆయన రాత్రి భోజనం ఒక కప్పు చాయ్! అందుకేనా పస్తు పెడుతున్నారా అని అడిగింది! పాపం, నేను ఆ పిల్ల మీద ఎగిరిపడ్డాను. నవ్వీ నవ్వీ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన నవ్వలేదు. ఇప్పుడు మార్చడమెందుకు, పోనీ అన్నారు.

పోనీ ఎలా అవుతుంది? ట్యూబు వెయ్యాలా వద్దా అనేదానికి తూకంతో పాటు ఆ చార్టు కూడా చూస్తారు కదా. కూర్చుని మూడు వారాల ఖిచిడీలు గుర్తున్నంతవరకు రాశాను. కీమా ఎంత, నెయ్యి ఎంత, అన్నీ. రేపు హెదర్ ముఖం చూడాలి.

21 డిసెంబర్, మంగళవారం

యాభై రెండు పాయింట్ మూడు.

టీ కథ విని హెదర్ కూడా నవ్వింది. తర్వాత నా కాగితాలు పక్కన పెట్టుకుని క్యాలిక్యులేటర్ నొక్కింది. మళ్ళీ మొదటి నుంచి నొక్కింది. రోజూ రాత్రి ఇంత తింటే తగ్గడం కుదరదు, వారానికి కొంచెం పెరగాలి అంది. వాంతులవుతున్నాయా అంది. ఆయన లేదన్నారు. అంతా లోపలికే వెళుతోందా అని ఆయన వైపు తిరిగి మెల్లగా అడిగింది. ఆయన బూట్ల వైపు చూశారు.

నాకు అక్కడే, ఆ కుర్చీలోనే, డ్యూక్ గుర్తొచ్చింది.

సెలవుల్లో క్లినిక్ లేదు, మళ్ళీ జనవరి నాలుగున.

22 డిసెంబర్

చూశాను. రోజా విప్పాక, ఇంకా వెలుతురుండగానే, బట్టలుతికే గది కిటికీలోంచి.

పట్టుకుని అడిగేద్దామనే నిలబడ్డాను. ఆయన కంచె పక్క కుర్చీలో కూర్చుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. నీళ్ళు తాగారు. మెడ సాచి మింగబోయారు. దగ్గి టిష్యూలో ఊశారు. ఇంకో చెంచా. మళ్ళీ అదే. ఆరు చెంచాలు లెక్కపెట్టాను. ఆరూ టిష్యూలోనే. ప్రతి చెంచాకీ ముందు బిస్మిల్లా అన్నట్టు పెదాలు కదిలాయి. అప్పుడు లేచి గిన్నె కంచె అవతలికి పట్టుకున్నారు. డ్యూక్ ముందు కాళ్ళు కంచె మీద వేసి తింది. దాని నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. ఆయన తినడం కాదు, ఆ చొంగనే చూస్తున్నారు.

తర్వాత కుళాయి. మొదట మట్టి తీసి రుద్దారు, ఆపైన నీళ్ళతో ఆరుసార్లు. మొత్తం ఏడు. కుక్క ముట్టిన గిన్నె ఎలా కడగాలని పెద్దవాళ్ళు నేర్పారో అలాగే. నా గిన్నెకి మైల అంటకుండా రోజూ ఇంత పని చేస్తున్నారు.

లోపలికొచ్చి గిన్నె ఇచ్చారు. మొత్తం తిన్నారా అన్నాను. తిన్నా, మంచిగుంది అన్నారు. సంతోషం అన్నాను.

ఏం చెయ్యాలి నేను? వేరే ఏం అనాలి?

25 డిసెంబర్

ఇవాళ కూడా వండాను. ఇవాళ కూడా గిన్నె ఖాళీ.

చార్టు ఫ్రిజ్ మీద మేగ్నెట్ కింద వేలాడుతోంది. మూడు రోజులుగా టీ గడి ఖాళీగా వదిలేశాను. ఖిచిడీ అని రాస్తే ఈ మనిషి నా చేతుల్లోనే కరిగిపోతాడు. నిజం రాస్తే ట్యూబు. వండేది నేను, రాసేది నేను, అబద్ధమాడేది కూడా నేనేనా? ఆయన మీద కోపం వస్తుంది. ఆ ఆరు చెంచాలు గుర్తొస్తే ఆ కోపం కూడా నిలబడదు.

28 డిసెంబర్

రాశాను. వారం రోజుల టీ గడుల్లో, ఇంగ్లిష్‌లో, ఆయన చదవగలిగే అక్షరాల్లో. డ్యూక్. డ్యూక్. డ్యూక్. డ్యూక్. డ్యూక్. డ్యూక్. డ్యూక్.

29 డిసెంబర్

నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరవబోయి చదివారు. చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నేను సింక్ వైపు తిరిగి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

సాయంత్రం పెరట్లోకి వెళ్ళలేదు. నా ఎదురుగా టేబుల్ దగ్గర కూర్చుని నాలుగు చెంచాలు ప్రయత్నించి, నాలుగూ నా కళ్ళ ముందే ఊశారు. జవేరియా టీవీ సౌండ్ పెంచింది.

1 జనవరి 2000, పొద్దున

రాత్రంతా ఆఫీసులో ఉండి ఇప్పుడే వచ్చారు. ఏమైంది అంటే, ఏం కాలే అన్నారు. పన్నెండు దాటింది, నాలుగంకెలూ సరిగ్గా పడ్డాయి, అందరూ చప్పట్లు కొట్టారట. కేకు కోశారట. ఆయన ముక్కని పేపర్ నాప్కిన్‌లో చుట్టి జవేరియాకి తెచ్చారు. బూట్లు విప్పుకోకుండానే సోఫాలో నిద్రపోయారు. బూట్లు నేను విప్పాను. సాక్సులో కాలు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

4 జనవరి, మంగళవారం

యాభై ఒకటి పాయింట్ నాలుగు.

చార్టు ఆయనే తీసుకెళ్ళి హెదర్ చేతికిచ్చారు. డ్యూక్ అంటే ఏం వంటకం అని అడిగింది. ఆయనే చెప్పారు, ఇంగ్లిష్‌లో, ఒక్క ముక్క దాచకుండా. నా భార్య చాలా బాగా వండుతుంది, ఆ కుక్కని అడగండి అన్నారు. హెదర్ నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

పదో తారీకున ట్యూబు.

కారులో ఏడ్చాను. నేను రాయకపోతే బాగుండేదా అన్నాను. నువ్వు రాయకపోతే నేను చెప్పేటోణ్ణి కాదు అన్నారు. అది అవునో కాదో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగలేదు.

8 జనవరి, శనివారం

ఈద్. షీర్ ఖుర్మా చేశాను, అలవాటు కొద్దీ. ఒక చెంచా ఇవ్వమన్నారు. సేమ్యా తీసేసి పాలు మాత్రం ఇచ్చాను. పది నిమిషాలు పట్టింది. మింగారు. రుచి తెలిసిందా అని అడగాలని నోటిదాకా వచ్చి ఆపుకున్నాను. లేదని ఆయనే చెప్పారు.

డ్యూక్ కంచె దగ్గర నిలబడి మా వైపు చూస్తోంది. పండగ పూట దానికి కూడా పస్తే.

14 జనవరి

బ్రేక్‌ఫాస్ట్: హెదర్ ఇచ్చిన ద్రవాహారం ఒక డబ్బా, ట్యూబులో.

లంచ్: ఒక డబ్బా, ట్యూబులో.

టీ: రెండు డబ్బాలు, ట్యూబులో.

కప్పా: ఒకటి, ఫుల్ క్రీమ్ పాలు, రెండు చెంచాల చక్కెర. రెండు చేతులతో పట్టుకుని వాసన చూశారు. చల్లారాక నేను తాగాను.