నాయన ఇచ్చిన గుండె

జహీరాబాద్, జులై 1983

చెల్లెలు సుమిత్రకు అన్న బస్వరాజ్ ఆశీస్సులు.

నా గుండె తాళం తప్పి కొట్టుకుంటోందట. "మీ నాయనకు గిట్లనే ఉండెనా?" అని డాక్టరు అడిగాడు. ఉండె కదా! చేతిలో చెంబుతో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పోయాడు. చుక్క ముట్టని మనిషి. "రక్తంల వస్తది" అన్నాడు డాక్టరు. ఇన్నేళ్లూ నా కల్లును తిట్టావు. తప్పంతా నాయనదేనట!

ఇట్లు, నీ అన్న.

తా.క. ఈ సంతోషానికి కల్లు దుకాణంలో అందరికీ పోయించాను.

హైదరాబాద్

అన్నకు సుమిత్ర నమస్కారాలు.

ఏడాదికొక ఉత్తరం రాసి, అందులో పోయిన నాయన మీద నేరం మోపుతావా? డాక్టరు మాటల్లో సగమే నీ చెవికెక్కాయి. రక్తంలో వచ్చిందే అనుకో, దాన్ని కల్లు పోసి రెచ్చగొట్టమన్నాడా? అలాంటి గుండె ఉన్నవాళ్లు అసలు ముట్టకూడదట, ఇక్కడ డాక్టరమ్మను అడిగాను. నువ్వు మానేసేదాకా వారం వారం రాసి తిడతాను.

నీ చెల్లెలు.

తా.క. బస్సు కండక్టరు చేతికి హార్లిక్స్ ఇచ్చాను. పాలలో కలుపుకో. పాలలోనే.

జహీరాబాద్

చెల్లె సుమిత్రకు ఆశీస్సులు.

పందెం కాద్దాం. నువ్వూ ఆ నాయన బిడ్డవే, కల్లు వాసన కూడా ఎరుగవు. పరీక్ష చేయించుకో. నీ గుండె బాగుంటే నేరం కల్లుది, మానేస్తాను. బాగాలేకుంటే నాయనది, నా జోలికి రాకు. మీ వదిన పోయాక ఇంట్లో నన్ను పిలిచే మనిషే లేదు. దుకాణంలో నర్సప్ప "రా బస్వన్నా, జర కూసో" అంటాడు. ఆ మాట కోసమే పోతాను.

నీ అన్న.

తా.క. హార్లిక్స్ కల్లులో కలిపి చూశాను. రెండూ పాడైనయ్.

హైదరాబాద్

అన్నా,

నువ్వే గెలిచావు. నా గుండె కూడా లయ తప్పుతోందట. సోమవారం ఆసుపత్రిలో చేరమన్నారు. "ఎంబడి ఎవరొచ్చిన్రమ్మా?" అని నర్సు అడిగింది. పెళ్లి వద్దనుకున్నప్పుడు లేని భయం ఇప్పుడు వేస్తోంది. తాగని నాకే ఇలా ఉంటే, తాగే నీ సంగతి తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.

సుమిత్ర.

తా.క. గెలిచానని మళ్లీ అందరికీ పోయించకు.

జహీరాబాద్

చెల్లే,

పందెం పాడుగాను. రేపటి బస్సుకే వస్తున్నా, ఫికర్ చేయకు. ముందే చెప్తున్నా, కోపం తెచ్చుకోకు. నీ మొదటి తిట్ల ఉత్తరం అందిన రోజే నేను కల్లు మానేశాను. దుకాణం వైపు పోలేదు. హార్లిక్స్ పాలలోనే తాగాను. మానేశానని రాస్తే నువ్వు ఉత్తరాలు ఆపేస్తావని భయపడ్డాను. వారం వారం నన్ను తిట్టడానికి ఇంకెవరున్నారు?

నీ అన్న బస్వరాజ్.

తా.క. నా తాగుడు లాగే నీ జబ్బు కూడా అబద్ధమైతే బాగుండు. నన్ను రప్పించుకోవడానికే రాశానని చెప్పు, ఒక్కమాట కూడా అనను.