నడవా చివరి తలుపు

లైసెన్సు బోర్డు అధికారి ఫాంటెనో గారికి,

బాటన్ రూజ్‌లో ఇంటీరియర్ డిజైనర్ బ్రుసార్ గారి దగ్గర పనిచేస్తున్నాను. నా పని అనుభవాన్ని ధ్రువీకరిస్తూ ఆయన సంతకం పెడితేనే లైసెన్సు పరీక్ష రాయగలను. అందాకా నేను గీసినవన్నీ ఆయన పేరుతోనే వెళ్తాయి.

ఇప్పుడు కడుతున్న వృద్ధాశ్రమంలో నడవా చివర బయటికి వెళ్లేందుకు నేను గీసిన తలుపు తీసేసి, ఆయన అక్కడ అలమరా కట్టించారు. నిప్పంటుకుంటే చక్రాల కుర్చీల వాళ్లకు వేరే దారి లేదు. అడిగితే, "తలుపు కావాలా, నా సంతకం కావాలా? తేల్చుకో అమ్మాయ్" అని నవ్వారు. సంతకమే ఎంచుకున్నాను.

నిన్న ఎర్లీన్ అనే పెద్దావిడ వచ్చి ఆ అలమరా పక్క గదే ఎంచుకుంది. "ఇక్కడ నిశ్చింతగా ఉండొచ్చు కదమ్మా?" అంటే తలూపాను. రాత్రి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఆశ్రమం తెరవకముందే వచ్చి చూడండి. ఇక ఆయన సంతకం నాకు దొరకదు. నా పేరు, చిరునామా కవరు మీద ఉన్నాయి. ఆ తలుపు గీసింది నేనే. ఆ మాట నా పేరుతో చెప్పడం ఇదే మొదటిసారి.