మాలకొండయ్య మామ వాచీ ఇరుసు

మార్కాపురం

నాయనా,

ఫోన్లో చెబితే నీకు వినపడదని రాస్తున్నా. మన వాచీల దుకాణంలో నువ్వు బాగుకాదని వాపసిచ్చిన మాలకొండయ్య మామ వాచీ నడుస్తా ఉంది! లోపలి ఇరుసు, సన్న ఉక్కు కడ్డీని తిప్పి చెక్కే నీ చేతి లేత్ మీద నేనే చేసినా. మూడు విరగ్గొట్టినాక నాలుగోది కుదిరింది. మామ వాచీ చెవికి పెట్టుకుని, "ఓయమ్మో, కొట్టుకుంటా ఉందే!" అని బజారంతా వినపడేట్టు అరిచినాడు.

లేత్‌ను పాత ఇనుముకు ఇస్తానని అక్కడ గిద్దలూరులో ఎవరికో మాటిచ్చినావంట, అన్న చెప్పినాడు. ఇయ్యనని చెప్పెయ్.

ఇంకొకటి, తిట్టొద్దు. లేత్‌ను తిప్పే విల్లుకు నువ్వు కట్టిన గుర్రపు వెంట్రుకలు తెగిపోయినాయి. జట్కాలు పోయినాక గుర్రమెక్కడిది? వాచీల్లో వెంట్రుకలు పడతాయని నన్ను బల్ల దగ్గరికే రానియ్యలేదే, ఇప్పుడు నీ లేత్ తిరిగేది నా జడ వెంట్రుకలతోనే.

నీ బిడ్డ