వైశాలి అడిగిన మాట

కల్వకుర్తి, ఆగస్టు 9

బాపూ, నేను బాగున్నాను. ఫోన్‌లో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను.

పోయిన వారం మా బడిలో తొమ్మిదో తరగతికి, ఏ వెబ్‌సైటును నమ్మొచ్చో ఎలా తేల్చుకోవాలో పాఠం చెప్పాను. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, చివర్లో ఏమైనా అమ్ముతున్నారా చూడమన్నాను. షుగరును నెలలో పోగొడతామనే పేజీ ఒకటి తెర మీద చూపించాను. వైశాలి అనే పిల్ల లేచి నిలబడింది.

"గిదే పేజీ మా అమ్మకు నేనే చదివి వినిపించిన మేడం. గోలీలు బంద్ చేసి కషాయం తాగింది. నిరుడు దసరాకు ముందే పానం ఇడిచింది. గీ పాఠం అప్పుడే ఎందుకు చెప్పలే?"

మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. నిన్న వాళ్లింటికి వెళ్లి, "తప్పు నీది కాదు బిడ్డా, అది రాసినోళ్లది" అన్నాను. "ఇగ ఎవ్వరికీ ఏదీ చదివి వినిపియ్య మేడం" అని లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ బీపీ గోలీలు వేసుకుంటోందా? తమ్ముడు ఫోన్‌లో ఏం చదివి చెప్పినా, దవాఖానలో అడగకుండా మాన్పించకు. నువ్వు కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలో వాన నీళ్లు ఊరడం తగ్గిందా? శారదమ్మ అత్తకు నా దండాలు చెప్పు.

ఆదివారం మళ్లీ వైశాలి వాళ్లింటికి వెళ్తాను. ఆ పిల్లకు ఏం చెప్పాలో నీకు తోస్తే రాయి బాపూ.

నీ బిడ్డ,
సుహాసిని