డిశ్చార్జి వరకే క్షేమం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో డాక్టర్ల సదస్సు జరిగితే, వార్త రాయడానికి వెళ్లాను. నీకు కాన్పు చేసిన డాక్టరమ్మ, తమ దవాఖానలో కోత లేకుండా జరిగిన కాన్పులపై పరిశోధన పత్రం చదివింది. తల్లులంతా క్షేమమట.

నేను లేచి, నీ పేరు చెప్పి, నీ మరణాన్నీ అందులో చేర్చమన్నాను.

"మీ అక్క నడుచుకుంటూనే ఇంటికెళ్లిందండీ. మా పరిశీలన డిశ్చార్జి వరకే."

"నాలుగో రోజు రక్తం పోయి చనిపోయింది."

"అది మీ ఇంట్లో కదా!"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ ఆమెకు చప్పట్లు కొట్టారు.

బయటికి రాగానే మామిడిపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అక్క ముచ్చట తీసిన్రా బిడ్డా?"

"తీసిన్రమ్మా."

"ఏమన్నరు?"

"మంచిగున్నదన్నరు."



"పేపర్ల నువ్వు గూడ గట్లనే రాస్తవారా?" అంది అమ్మ.