లిఫ్టులో రాసి ఉన్న నంబరు

ఫోన్ కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా, నేను లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని. ఊళ్లో సగం లిఫ్టుల్లో మీటల కింద నా నంబరే రాసి ఉంటుంది. లోపల ఎవరు ఇరుక్కున్నా నాకే ఫోన్ చేస్తారు.

పొద్దున లేచింది మొదలు ఫోన్‌లో మిషన్ గొంతులు నా ప్రాణాలు తోడేస్తున్నాయి. లోన్ ఇస్తారట, లాటరీ తగిలిందట! "ఈ కాల్స్ వద్దనుకుంటే తొమ్మిది నొక్కండి" అంటే నమ్మి నొక్కాను. దాంతో ఇక్కడ పలికే మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసిపోయి, కాల్స్ రెట్టింపయ్యాయి. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి వస్తున్నాయి. మీ ఆఫీసులో అడిగితే, "తెలియని నంబర్లు ఎత్తకండి, అంతే" అన్నారు. ఇరుక్కున్నవాళ్లందరివీ నాకు తెలియని నంబర్లే కదండీ! ఆ మిషన్లను నా దాకా రానివ్వకుండా మీ దగ్గరే ఆపాలి.

నిన్న ఒకావిడ ఎంతో మర్యాదగా "నమస్కారమండీ" అంది. ఇదీ మిషనే అనుకుని పెట్టేశాను. మళ్లీ చేస్తే మళ్లీ పెట్టేశాను. లిఫ్టు తలుపు బాదుతున్న చప్పుడు విని ఆ బిల్డింగు వాచ్‌మన్ నా కోసం పరుగెత్తుకొచ్చాడు. వెళ్లి తెరిస్తే, ఒక పెద్దావిడ చెమటతో తడిసి ముద్దయి, నేల మీద చతికిలబడి ఉంది.

"మర్యాదగానే మాట్లాడాను కదా నాయనా, ఎందుకు పెట్టేశావు?" అంది.

ఆవిడకేం చెప్పమంటారో, ఆ ఒక్క ముక్క మీరే రాసి పంపండి.

ఇట్లు,
ఫోన్ ఎత్తక తప్పని మెకానిక్